పెద్దల సభ, పెద్దమనుషులు

2020 జూన్ 19 సాయంత్రం. లాక్‌డౌన్ సడలించారు గానీ యూనివర్సిటీ ఇంకా తెరవలేదు. హైదరాబాదులో హాస్టలు గది ఖాళీ చేసి, పుస్తకాల పెట్టెలతో సహా కోరుకొండలో అమ్మమ్మ ఇంటికి వచ్చి పడ్డాను. (కోరుకొండ అనగానే చాలామంది విజయనగరం దగ్గరి సైనిక్ స్కూలు అనుకుంటారు. అది వేరు. మాది రాజమండ్రి పక్కన, కొండమీద నరసింహస్వామి ఉన్న కోరుకొండ.) టీవీలో కింద అక్షరాలు పరిగెడుతున్నాయి. రాజ్యసభ ఎన్నికల ఫలితాలు. నాలుగు స్థానాలూ వైఎస్సార్ కాంగ్రెస్‌కే. పిల్లి సుభాష్ చంద్రబోస్, మోపిదేవి వెంకటరమణ, ఆళ్ళ అయోధ్య రామిరెడ్డి, పరిమళ్ నత్వానీ. ఒక్కొక్కరికి 38 ఓట్లు. తెలుగుదేశం అభ్యర్థి వర్ల రామయ్యకి 17.

"మనం ఓటెప్పుడు వేశామే?" అంది అమ్మమ్మ.

మన ఎమ్మెల్యే మన తరపున వేస్తాడని చెప్పాను.

"మనం ఆయనకేస్తే, ఆయన వాళ్ళకేశాడా! మరి ఎవరికేస్తున్నాడో మనకి చెప్పద్దూ?" కాసేపు ఆ పేర్లు వింటూ కూర్చుంది. తరవాత అడిగింది. "అందులో ఆడమనిషి లేదేంటే?"

సాహిత్యంలో డాక్టరేట్ చేస్తున్న మనిషిని. తెలుగు స్త్రీల ఆత్మకథల మీద నా పరిశోధన. మౌనాల గురించి, ఖాళీల గురించి పేజీలకి పేజీలు రాసినదాన్ని. టీవీలో కదులుతున్న ఆ పట్టికలో ఖాళీ నాకు కనపడలేదు, నాలుగో తరగతితో చదువాపేసిన అమ్మమ్మకి కనపడింది. ఆ సిగ్గుతోనే మర్నాటి నుంచి రాజ్యసభ ఫలితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఏ పట్టిక చూసినా ఒకటే పద్ధతి. రాష్ట్రం, ఖాళీలు, పార్టీ, గెలిచిన సంఖ్య. ఆ వరసలో స్త్రీలెందరన్న గడి ఉండదు. పేర్లు చదివి మనమే పోల్చుకోవాలి. సాహిత్య చరిత్రల్లో రచయిత్రుల్ని వెతుక్కున్నట్టే.

ముందు ఆ సభ పేరు దగ్గరే ఆగిపోయాను. తెలుగులో దాన్ని పెద్దల సభ అంటాం. పత్రికలవాళ్ళకి శీర్షికలో చోటు కలిసొచ్చే మాట. కానీ మన భాషలో పెద్ద అనే మాటకి ఆడా మగా తేడా ఎంతుందో చూడండి. మగవాడు పెద్దమనిషి అయితే నలుగురూ లేచి నిలబడతారు, రచ్చబండ మీద తీర్పులు చెప్తాడు. ఆడపిల్ల పెద్దమనిషి అయితే మూల కూర్చోబెడతారు. అతనికి అది వీధిలోకి దారి, ఆమెకి ఇంట్లోకి దారి. ఒకే మాట. మా అమ్మమ్మ పన్నెండో ఏట పెద్దమనిషై బడి మానేసింది. అందుకే ఆవిడ "పెద్దల సభా? పెద్దమనుషులంటే మగాళ్ళేగా మరి" అని తనకి తనే జవాబు చెప్పేసుకుంది.

ఆ సభలో ఎవరు పెద్ద అన్న ప్రశ్నని రాజ్యాంగం రాసే రోజుల్లోనే ఒకామె లేవదీసింది. ఆమె పుట్టింది మా కోరుకొండకి కూతవేటు దూరంలో, రాజమండ్రిలో.

దుర్గాబాయి గురించి నా సిద్ధాంత గ్రంథంలో రాశాను. 1909లో పుట్టడం, ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక ఆ కాపురానికి వెళ్ళనని చెప్పడం, ఉప్పు సత్యాగ్రహం, జైలు, ఆంధ్ర మహిళా సభ, 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు. చింతామణ్ దేశ్‌ముఖ్‌తో తన జీవితం గురించి రాసుకున్న పుస్తకం 'చింతామణ్ అండ్ ఐ' (1980) మీద ఒక అధ్యాయంలో సగం. సంఘసేవకురాలు, సంస్థల నిర్మాత అని అందరూ రాసినట్టే రాశాను. రాజ్యాంగ సభలో ఆమె ఏం మాట్లాడిందో తెరిచి చూడలేదు. సేవ చేసిన స్త్రీని సేవలోనే చూడటం మనకీ అలవాటైపోయింది, స్త్రీవాదులం అని చెప్పుకునేవాళ్ళకి కూడా.

1949 మే 18. పార్లమెంటు సభ్యుల అర్హతలు చెప్పే అధికరణం (ఇప్పుడది 84వది) చర్చకొచ్చింది. దిగువ సభకి 25 ఏళ్ళు, ఎగువ సభకి 35 ఏళ్ళు నిండాలన్నది ప్రతిపాదన. ఎగువ సభ అప్పటికి కౌన్సిల్ ఆఫ్ స్టేట్స్. రాజ్యసభ అన్న పేరు 1954లో వచ్చింది. దుర్గాబాయి లేచి 35ని 30 చేయాలని సవరణ పెట్టింది. వయసు పెరిగితేనే వివేకం వస్తుందన్న నమ్మకాన్ని ఆమె ఒప్పుకోలేదు. ఇప్పటి పిల్లలకి అందే చదువు వాళ్ళని పౌర బాధ్యతలకి ముందుగానే సిద్ధం చేస్తుందన్నది ఆమె వాదన సారం. సభ ఒప్పుకుంది. ఈనాటికీ అదే 30.

అప్పటికి ఆమెకి 39. తన కోసం అడగలేదు. పాత నిబంధన ఉన్నా ఆమెకి అడ్డులేదు. కానీ తలుపు దగ్గర నియమాల సంగతి ఆమెకి చిన్నప్పటి నుంచి తెలుసు. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేకుండా వచ్చిన జవహర్‌లాల్ నెహ్రూని లోపలికి వదలని పిల్ల ఈమే. 14 ఏళ్ళు. ఆ కథ మన పాఠ్యపుస్తకాల్లోకి కూడా ఎక్కింది. తలుపు దగ్గర నిలబడి పెద్దాయన్ని ఆపిన సంగతి అందరికీ ముద్దొచ్చింది. పాతికేళ్ళ తరవాత తలుపు వెడల్పు చేసిన సంగతి ఎవరికీ గుర్తు లేదు.

ఈ అయిదేళ్ళ తేడా వల్ల ఎవరికేం ఒరిగింది అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. మన రాష్ట్రం నుంచి రాజ్యసభకి వెళ్ళిన స్త్రీల పుట్టిన సంవత్సరాలూ, సభలో అడుగుపెట్టిన సంవత్సరాలూ పక్కపక్కన రాసుకున్నాను. రేణుకా చౌదరి 1954లో పుట్టారు. 1986లో తెలుగుదేశం నుంచి రాజ్యసభకి వెళ్ళేనాటికి 31 ఏళ్ళు. జయప్రద 1962లో పుట్టారు. అదీ రాజమండ్రిలోనే. 1996లో తెలుగుదేశం సభ్యురాలిగా అడుగుపెట్టేటప్పటికి 34. ముసాయిదాలో ఉన్నట్టే 35 నిలిచిపోయి ఉంటే వీళ్ళిద్దరూ నామినేషన్ వేయడానికే పనికిరారు. రాజమండ్రిలో పుట్టిన ఒక స్త్రీ తీసిన గడియలోంచి రాజమండ్రిలో పుట్టిన ఇంకో స్త్రీ లోపలికి వెళ్ళింది. ఇద్దరి పేర్లూ కలిపి ఒక వాక్యంలో రాసినవాళ్ళెవరూ నాకు తారసపడలేదు. ఒకరు జాతీయోద్యమం, ఒకరు సినిమా. రెండు వేరువేరు అలమరాలు మనకి.

జయప్రదని రాజ్యసభకి పంపినప్పుడు గ్లామర్ కోసం అన్న మాట ఇప్పటికీ వింటాం. రేణుకా చౌదరిని గొంతు పెద్దది అంటారు. మగ సభ్యుల గురించి ఎవరి డబ్బు కోసం, ఎవరి కులం కోసం పంపారో అందరికీ తెలిసినా ఆ వెటకారం ఉండదు. అది వ్యూహం అంటారు. ఒక పార్టీ ఇచ్చిన కుర్చీతో మొదలైన ఈ ఇద్దరూ తరవాత జనం దగ్గరికి నేరుగా వెళ్ళి గెలిచారు. రేణుక 1999, 2004లో ఖమ్మం నుంచి, జయప్రద 2004, 2009లో ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్ నుంచి లోక్‌సభకి. దుర్గాబాయికి ఆ అదృష్టం కూడా లేదు. 1952 ఎన్నికల్లో ఓడిపోయింది. తను వయసు తగ్గించిన సభలో ఒక్క రోజు కూడా కూర్చోలేదు.

ఇప్పుడు రాష్ట్రం, పార్టీ లెక్కలోకి వస్తాను. అన్ని దశాబ్దాలూ వరసగా చెప్పను. 2014 తరవాతది చెప్తే చాలు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కి రాజ్యసభలో 18 స్థానాలు. విభజనప్పుడు 11 ఆంధ్రకీ, 7 తెలంగాణకీ వచ్చాయి. ఎవరు ఏ రాష్ట్రమో చీటీలు తీసి తేల్చారు. ఆ చీటీల్లో తెలంగాణ రాష్ట్ర సమితి నాయకుడు కె. కేశవరావు ఆంధ్రప్రదేశ్‌కీ, కాంగ్రెస్ నాయకుడు కేవీపీ రామచంద్రరావు తెలంగాణకీ పడ్డారు. రాష్ట్రాల సభ అని పేరు పెట్టుకున్న చోట రాష్ట్రం ఎంత పల్చని మాటో అప్పుడు అర్థమైంది. 2003లోనే చట్టం మార్చి, సభ్యుడు ఆ రాష్ట్రం ఓటరై ఉండాలన్న నిబంధన తీసేశారు. దేశంలో ఎక్కడ ఓటున్నా చాలు. అదే సవరణతో రహస్య ఓటు కూడా పోయింది. ఎమ్మెల్యే తన ఓటు పార్టీ ఏజెంటుకి చూపించి వేయాలి. 2006లో సుప్రీంకోర్టు రెండింటినీ సమర్థించింది.

చీటీల పుణ్యమో మరొకటో, విభజన జరిగిన ఏడాది ఆంధ్రప్రదేశ్ వాటా 11 మందిలో ముగ్గురు స్త్రీలు. కాంగ్రెస్ నుంచి రేణుకా చౌదరి, తెలుగుదేశం నుంచి భీమవరం తోట సీతారామలక్ష్మి, ఆ ఏడాది ఉప ఎన్నికలో వచ్చిన భాజపా నిర్మలా సీతారామన్. మూడు పార్టీలు, ముగ్గురు. నాలుగోవంతు కంటే ఎక్కువ. ఎవరూ దీన్ని పండగ చేసుకోలేదు, ఎందుకంటే ఎవరూ లెక్క పెట్టలేదు. 2016లో నిర్మల కర్ణాటక నుంచి ఎన్నికై వెళ్ళారు. ఇద్దరు. 2018 ఏప్రిల్లో రేణుక పదవీకాలం అయింది. ఒక్కరు. 2020 ఏప్రిల్ 9న సీతారామలక్ష్మి దిగిపోయారు. సున్నా. మా అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని అడిగింది సరిగ్గా ఆ ఖాళీ అయిన స్థానాల గురించే.

ఆ ఎన్నిక లెక్క కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆంధ్రప్రదేశ్‌లో రాజ్యసభకి ఓటింగ్ జరగడమే అరుదు. 2016, 2018, 2022, 2024 అన్నీ ఏకగ్రీవాలే. 2020లో 175 మంది ఎమ్మెల్యేలు, నాలుగు స్థానాలు. అందరూ వేస్తే గెలవడానికి 36 ఓట్లు చాలు. వైఎస్సార్ కాంగ్రెస్‌కి 151, వాళ్ళ వైపు తిరిగిన రాజోలు జనసేన ఎమ్మెల్యే ఒకరు. 152. నాలుగుతో భాగిస్తే 38. నలుగురికీ కచ్చితంగా 38 చొప్పున వచ్చాయి. కుంచంతో కొలిచి పోసినట్టు. ఎవరు ఎవరికి వేయాలో ముందే పంచి ఇస్తేనే ఆ అంకె అలా వస్తుంది. మా కోరుకొండ వాళ్ళ ఓటు కూడా రాజానగరం నియోజకవర్గం పేరుతో ఆ 152లో ఒకటి. నలుగుర్లో ఎవరి కుంచంలో పడిందో మాకు తెలీదు. అమ్మమ్మ అడిగిన "మనకి చెప్పద్దూ" అక్కడే ఉండిపోయింది.

తెలుగుదేశానికి 23 మంది. ఇద్దరు ఓటేయలేదు. నాలుగు ఓట్లు చెల్లలేదు. అందుకే 17. చెల్లని నాలుగింటిలో మూడు పార్టీకి దూరమైన ముగ్గురు మగ ఎమ్మెల్యేలవి. నాలుగోది రాజమండ్రి సిటీ నుంచి గెలిచిన ఆదిరెడ్డి భవానిది. ఆ పార్టీ తరపున 2019లో గెలిచిన ఒకే ఒక్క స్త్రీ. ప్రాధాన్య ఓటులో 1 అంకె వేయాల్సిన చోట ఆమె టిక్కు పెట్టారు. మొదటిసారి ఎమ్మెల్యే, మొదటిసారి రాజ్యసభ ఓటు. మాక్కూడా ఇక్కడ వారం రోజులు అదే కబురు. టీ కొట్టు దగ్గర, గుడి మెట్ల మీద, వాట్సాప్‌లో. ఆడవాళ్ళని పంపితే ఇంతే అన్నారు. ముగ్గురు మగవాళ్ళ చెల్లని ఓట్లు రాజకీయం అయ్యాయి, ఒక ఆడమనిషి చెల్లని ఓటు తెలివితక్కువతనం అయింది. నేనూ మొదట నవ్వాను. అది ఇక్కడ రాయకపోతే మిగతాదంతా అబద్ధం అవుతుంది. అమ్మమ్మ నవ్వలేదు. "కొత్తకోడలు మొదటిరోజు కూరలో ఉప్పెక్కువేస్తే ఊరంతా చెప్పుకున్నట్టుంది" అంది.

తరవాతి కథ చిన్నదే. 2024 ఫిబ్రవరిలో ఖాళీ అయిన మూడూ వైఎస్సార్ కాంగ్రెస్‌కి ఏకగ్రీవంగా వచ్చాయి. ఏప్రిల్ నాటికి రాష్ట్రం 11 స్థానాలూ ఆ పార్టీవే. పార్టీల గడి చూస్తే అదొక రికార్డు, పత్రికలు అలాగే రాశాయి. తెలుగుదేశానికి సభలో ఒక్కరూ మిగల్లేదని కూడా రాశాయి. 11కి 11 మంది మగవాళ్ళే అన్న సంగతి ఆ వార్తలకి పట్టలేదు. 2016 నుంచి 2024 దాకా ఆ పార్టీ రాజ్యసభకి 13 సార్లు అభ్యర్థుల్ని గెలిపించుకుంది. ఒక్కసారీ స్త్రీ లేదు. సరే, ప్రభుత్వం మారింది. 2024 డిసెంబర్ ఉప ఎన్నికల్లో తెలుగుదేశం నుంచి ఇద్దరు, భాజపా నుంచి ఒకరు. 2025 మేలో భాజపా నుంచి ఇంకొకరు, భీమవరం వాసి. నలుగురూ ఏకగ్రీవం, నలుగురూ మగవాళ్ళు. పార్టీల మధ్య ఏ ఒక్క విషయంలోనూ కుదరని రాష్ట్రంలో ఇందులో మాత్రం భేదాభిప్రాయం లేదు. పక్కన తెలంగాణలో 2016లో గుండు సుధారాణి దిగిపోయాక 2024లో రేణుకా చౌదరి మళ్ళీ వచ్చేదాకా ఎనిమిదేళ్ళు అదే పరిస్థితి.

మహిళా రిజర్వేషన్ చట్టం వచ్చిందిగా అంటారు. 2010 మార్చి 9న ఆ బిల్లుని మొదట ఆమోదించింది రాజ్యసభే. 186 మంది అవునన్నారు, ఒకరు కాదన్నారు. లోక్‌సభలో అది మగ్గిపోయింది. 2023 సెప్టెంబర్ 21న కొత్త బిల్లుకి అదే రాజ్యసభ 214–0తో ఓటేసింది. లోక్‌సభకీ శాసనసభలకీ మూడోవంతు. రాజ్యసభకి మాత్రం లేదు. శాసనమండళ్ళకీ లేదు. ఇంట్లో ఆడపిల్లకి వాటా ఇవ్వకుండా పొరుగింటి పంపకాలకి పెద్దరికం చేసినట్టుంది. పరోక్ష ఎన్నిక, ఒకేసారి రెండు మూడు స్థానాలే ఖాళీ అవుతాయి, ప్రాధాన్య ఓటులో రిజర్వేషన్ ఇరికించడం కష్టం అన్నది వాళ్ళు చెప్పే కారణం. కష్టమేమో, ఒప్పుకుంటాను. కానీ ఏకగ్రీవాల రాష్ట్రంలో ఓటు పద్ధతి ఎక్కడ అడ్డొచ్చింది? ముగ్గురి పేర్లు ఒక రాత్రి ఒక నాయకుడు ఖాయం చేస్తాడు. అందులో ఒక స్త్రీ పేరు రాయడానికి ఏ అధికరణం మార్చక్కర్లేదు.

ఇక్కడ నాకొక ఇబ్బంది ఉంది. రాజ్యాంగ సభలోని స్త్రీలు మాకు రిజర్వేషన్ వద్దు అన్నారు. హన్సా మెహతా, రేణుకా రాయ్ బాహాటంగానే చెప్పారు. మాకు దయ అక్కర్లేదు, సమానత్వం చాలు అన్న పట్టుదల అది. ఆ పట్టుదల చదువుతుంటే గర్వంగానే ఉంటుంది. నేనూ ఎంఏ రోజుల్లో అదే వాదించేదాన్ని, సీటు ఇస్తే రాదు గెలుచుకోవాలి అని. మా మేనత్త సంగతి చూసి మారాను. ఆమె పక్క మండలంలో ఒక పంచాయతీలో రిజర్వేషన్ మీద వార్డు మెంబరైంది. సమావేశానికి మావయ్య వెళ్ళేవాడు, తీర్మానాల పుస్తకం ఇంటికొచ్చేది, అత్తయ్య పొయ్యి దగ్గర చెయ్యి తుడుచుకుని సంతకం పెట్టేది. ఇదేనా సాధికారత అని నేను వెక్కిరించాను. రెండో ఏడో మూడో ఏడో, ఒకరోజు పుస్తకం పెట్టుకుని సంతకం పెట్టలేదట. "చదివాక పెడతాను, రేపు రండి" అందిట. ఏం రాసుందని అడిగితే మంచినీళ్ళ కుళాయి ఎవరి గుమ్మం ముందు వేయాలో రాసుంది అంది. మర్నాడు తనే వెళ్ళింది. సీటు ఉంది కాబట్టి ఆ "రేపు" వచ్చింది. సీటే లేకపోతే ఏ పుస్తకమూ గుమ్మం దాకా రాదు.

దుర్గాబాయి వయసు తగ్గించింది సరే. రాజ్యసభకి నామినేషన్ వేయాలంటే వయసుతో పాటు పదిమంది ఎమ్మెల్యేల సంతకాలు కావాలి, లేదా మొత్తంలో పదోవంతు, ఏది తక్కువైతే అది. 2020లో నాకు 30 నిండాయి. ఇప్పుడు 35 కూడా దాటాయి, పాత ముసాయిదా ప్రకారం చూసినా నేను పెద్దమనిషినే. పదిమంది ఎమ్మెల్యేలు మాత్రం నాకు తెలీదు. ఒక్కరు తెలుసు, ఆయన మా ఇంటికి ఎన్నికలప్పుడు వచ్చాడు, అమ్మమ్మ మజ్జిగ ఇచ్చింది.

ఈ వ్యాసం కోసం పాత నోటుపుస్తకంలో ఒక పట్టిక గీసుకున్నాను. రాష్ట్రం, సంవత్సరం, పార్టీ, సంఖ్య, చివర పెన్సిల్‌తో ఇంకో గడి. స్త్రీ ఉన్నచోట ఒక చుక్క, లేనిచోట అడ్డగీత. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు అది మంచంమీద వదిలేసి స్నానానికి వెళ్ళాను. వచ్చేసరికి అమ్మమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ చివరి గడినే వేలితో కిందికి చదువుకుంటూ వస్తోంది.

"పాలవాడు ఇన్నాళ్ళు పాలు పొయ్యలేదేంటే?" అంది. "డబ్బులు మాత్రం ఇచ్చేశావా?"